ఎమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంటే పాత హోం కంప్యూటర్ల కొత్త రూపాలు కొనడం దేనికి?

మీరు అడిగింది ఇది: కమోడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ లాంటి నలభై ఏళ్ళ నాటి హోం కంప్యూటర్లను ఇప్పుడు మళ్ళీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. వాటి ఆటలూ ప్రోగ్రాములూ ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (పాత యంత్రంలా నటించే ప్రోగ్రాం) మీద పైసా ఖర్చు లేకుండా నడుస్తాయి. మీకు ఆ యంత్రాలతో చిన్ననాటి జ్ఞాపకాలేమీ లేవు. పదకొండేళ్ళ మీ అమ్మాయికి కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో చూపించాలని ఉంది. దీనికి డబ్బు పెట్టొచ్చా, పెడితే ఏ రకం, లేదా పాత అసలు యంత్రాన్నే వెతికి కొనాలా?

ముందు జవాబు చెప్పేస్తాను. ఆటల కోసమే అయితే కొనకండి, ఎమ్యులేటర్ చాలు. కూర్చుని టైప్ చేయడానికైతే కొనండి, అదీ నిజంగా పనిచేసే కీబోర్డు ఉన్నదే కొనండి. పాత అసలు యంత్రం మాత్రం మొదటి యంత్రంగా వద్దు. మీకు జ్ఞాపకాలు లేకపోవడం అడ్డు కాదు. ఈ యంత్రాల నుంచి నేను చూసినంతలో ఎక్కువ లాభం పొందింది వాటిని ఇంతకు ముందు ఎన్నడూ చూడనివాళ్ళే.

నేను చాలా ఏళ్ళుగా ఎనిమిది బిట్ల యంత్రాలను, అంటే ఆ తరం హోం కంప్యూటర్లను, రిపేరు చేస్తున్నాను. వారాంతాల్లో పిల్లలకు వాటి మీదే బేసిక్ అనే సులువైన ప్రోగ్రామింగ్ భాష, కొంచెం పెద్దవాళ్ళయితే ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడే అసెంబ్లీ నేర్పుతాను. అసలు యంత్రాలూ, కొత్త రూపాలూ, ఎమ్యులేటర్లూ మూడూ నా బల్ల మీద పక్కపక్కనే ఉంటాయి. కింద రాసేదంతా ఆ బల్ల దగ్గర తెలుసుకున్నదే.

అసలు కొంటున్నది ఏమిటి?

ఈ యంత్రాల ప్రకటనలన్నీ ఆటల సంఖ్యతో మొదలవుతాయి. 2018లో వచ్చిన చిన్న కమోడోర్ నమూనాలో 64 ఆటలు, 2022 నాటి అమీగా 500 (కమోడోర్ కంపెనీదే మరో కంప్యూటర్) బుల్లి రూపంలో 25, 2024 చివర్లో వచ్చిన కొత్త స్పెక్ట్రమ్‌లో 48. చూడగానే ఇవన్నీ ఆటల పెట్టెలేననిపిస్తుంది. నా లెక్కలో ఆటలు వీటిలో అతి చిన్న భాగం. విలువంతా ఆటల మెనూ దాటాక వచ్చే ఆ ఖాళీ తెరలో ఉంది.

కమోడోర్ 64ను స్విచ్ వేస్తే రెండు మూడు సెకన్లలో నీలం తెర వస్తుంది. 64కె ర్యామ్ ఉందనీ, బేసిక్ ప్రోగ్రాములకు 38911 బైట్లు ఖాళీ ఉన్నాయనీ చెబుతుంది. కింద 'రెడీ' అని రాసి కర్సర్ మిణుకుమంటుంది. అంతే. లాగిన్ లేదు, అప్‌డేట్ లేదు. మీరు ఏదో ఒకటి టైప్ చేస్తే తప్ప ముందుకు కదలదు. ప్రోగ్రాం రాయడం అక్కడ ఎక్కడో వెతికి తెరవాల్సిన ప్రత్యేకమైన పని కాదు, యంత్రం మొదటి క్షణం నుంచే అడిగే పని.

ఇప్పుడు ఆ 38911 సంగతి చూడండి. నేను పిల్లలకు మొదటిరోజు చెప్పేది దీని గురించే. 64 కిలోబైట్లంటే 65536 బైట్లు కదా, మిగతా 26625 ఏమయ్యాయి అని అడుగుతారు. అడక్కపోతే నేనే అడుగుతాను. దానికి పూర్తి జవాబు ఒక పలక మీద పట్టేస్తుంది. మొదటి 1024 బైట్లు యంత్రం తన సొంత లెక్కలకు వాడుకుంటుంది. 1024 నుంచి తెర మీది అక్షరాలు మొదలవుతాయి, 40 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు, మొత్తం వెయ్యి గళ్ళు. మన ప్రోగ్రాం 2049 దగ్గర మొదలై 40959 దాకా వెళ్ళొచ్చు. ఆపైన 8 కిలోబైట్లు బేసిక్ రోమ్ (రోమ్ అంటే మార్చడానికి వీల్లేని మెమరీ), తర్వాత 4 కిలోబైట్లు మెషీన్ కోడ్ రాసుకునేవాళ్ళకు వదిలిన ఖాళీ, ఆపైన 4 కిలోబైట్ల చోటులో వీడియో, సౌండ్ చిప్‌లను నడిపించే గళ్ళు (రిజిస్టర్లు), చివరి 8 కిలోబైట్లు యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం ఉన్న కెర్నల్ రోమ్. కూడి చూసుకోండి, ఒక్క బైటు కూడా తేడా రాదు.

ఆ తర్వాత వాళ్ళ చేత 'పోక్ 1024, 1' అని టైప్ చేయిస్తాను, అంటే మెమరీలో 1024వ చోట 1 పెట్టమని. తెర ఎడమవైపు పైమూలలో ఇంగ్లిషు 'ఏ' అక్షరం ప్రత్యక్షమవుతుంది. 1 బదులు 2 పెడితే 'బీ'. 1024 బదులు 1025 పెడితే పక్క గడి. 'పోక్ 53280, 0' అంటే తెర చుట్టూ ఉన్న అంచు నల్లబడుతుంది. మెమరీలో ఒక అంకె మార్చితే కంటి ముందు ప్రపంచం మారుతుందన్న సంగతి అయిదు నిమిషాల్లో, ఏ పటమూ గీయకుండా, అర్థమైపోతుంది. స్పెక్ట్రమ్ మీదైతే 'పోక్ 16384, 255' అంటే మూలన ఎనిమిది చుక్కల సన్నని గీత పడుతుంది. 255 బదులు 170 పెడితే అదే గీత ఒకటి విడిచి ఒకటి చుక్కలుగా విడిపోతుంది. బైనరీ గురించి ఎంతసేపు చెప్పినా రాని స్పష్టత ఆ ఒక్క గీతతో వస్తుంది.

ఈనాటి ఏ ల్యాప్‌టాప్ మీదా ఇలా చేయలేం. చేయనివ్వకూడదు కూడా, భద్రత దృష్ట్యా అది సరైనదే. కానీ నేర్చుకునేవాళ్ళకు అక్కడ ఒక గోడ అడ్డొస్తుంది. పైథాన్‌లో ఒక వాక్యం రాస్తే తెర మీద అక్షరం కనిపించేలోపు ఎన్ని పొరలు దాటిందో ఎవరూ పూర్తిగా చెప్పలేరు. కమోడోర్ 64లో చెప్పొచ్చు. దాని ప్రాసెసర్ 6502 అనే చిప్‌కు కొద్దిగా మార్చిన రూపం, ఆ 6502లో ఉన్నవి సుమారు మూడున్నర వేల ట్రాన్సిస్టర్లు. కొందరు ఔత్సాహికులు ఆ చిప్‌ను తెరిచి, సూక్ష్మదర్శినితో ఫొటోలు తీసి, ప్రతి ట్రాన్సిస్టర్‌నూ కంప్యూటర్‌లో అనుకరించి చూపించారు. ఒక మనిషి ఓపికగా కూర్చుంటే మొదలు నుంచి చివరిదాకా పూర్తిగా తెలుసుకోగల కంప్యూటర్ల తరం అదే చివరిది. నేను వీటిని ఇంతగా ప్రేమించేది అందుకే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఉద్యోగానికి పనికొచ్చే ప్రోగ్రామింగ్ కావాలంటే ఇది దారి కాదు. దానికి పైథాన్ ఉంది, మామూలు ల్యాప్‌టాప్ ఉంది. పాత బేసిక్‌లో లైన్ నంబర్లు, గోటూలు తప్ప పద్ధతిగా రాయించే సదుపాయాలు తక్కువ. కంప్యూటర్ అంటే ఏమిటో తెలియడానికి ఇది, దాంతో పని చేయడానికి అది. రెండూ పక్కపక్కన సాగుతాయి.

మరి ఎమ్యులేటర్‌తో ఇదంతా రాదా?

సూత్రప్రాయంగా వస్తుంది. ఇప్పటి మంచి ఎమ్యులేటర్లు ఒక్కో క్లాక్ సైకిల్ (ప్రాసెసర్ వేసే ఒక్కో అడుగు) లెక్కన అసలు యంత్రాన్ని అనుసరిస్తాయి. నిజానికి మార్కెట్లో ఉన్న కొత్త రూపాల్లో చాలావాటి లోపల ఉన్నది కూడా ఎమ్యులేటరే. చిన్న ఏఆర్‌ఎమ్ బోర్డు మీద లినక్స్, దాని మీద ఎమ్యులేటర్, చుట్టూ పాత ఆకారపు పెట్టె. ఇది దాచాల్సిన విషయం కాదు, చిన్నచూపు చూడాల్సిందీ కాదు.

తేడా వచ్చేది కీబోర్డు దగ్గర. వినడానికి చిన్న విషయమే, నేర్పేటప్పుడు ఇదే అన్నిటికన్నా పెద్దది. స్పెక్ట్రమ్‌లో ఒక్కో మీటకు ఒక పూర్తి ఆదేశం ఉంటుంది. 'పీ' నొక్కితే 'ప్రింట్' అని మొత్తం మాట పడుతుంది, 'జే' నొక్కితే 'లోడ్'. షిఫ్టులు కలిపితే అదే మీటకు మరో మూడు నాలుగు పనులు. అవన్నీ మీట మీదా, పైనా, కిందా ముద్రించి ఉంటాయి. ల్యాప్‌టాప్ కీబోర్డు మీద ఆ ముద్రలేవీ ఉండవు. పిల్లలు పక్కన ఒక పటం పెట్టుకుని ఒక్కో గుర్తుకూ వెతుక్కుంటారు. కమోడోర్‌లో కోట్ గుర్తు షిఫ్ట్‌తో 2 నొక్కితే వస్తుంది, ల్యాప్‌టాప్‌లో అది ఇంకోచోట ఉంటుంది. గీతలూ గళ్ళూ గీసే గుర్తులు కమోడోర్ మీటల ముందువైపే అచ్చువేసి ఉంటాయి, వాటిని నొక్కుతూ బొమ్మలు కట్టడం పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. ఎమ్యులేటర్‌లో ఆ గుర్తులున్నాయని కూడా చాలామందికి తెలియదు. మా దగ్గర ఒకే పాఠాన్ని రెండు రకాలుగానూ చెప్పి చూశాను. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్లలు 'ఈ గుర్తు ఎక్కడుంది' అని అడుగుతారు, అసలు ఆకారం ముందు కూర్చున్నవాళ్ళు 'ఇది నొక్కితే ఏమవుతుంది' అని అడుగుతారు.

రెండోది, ఆ యంత్రం ఒక్క పనే చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ ఒక కిటికీ మాత్రమే, దాని వెనక వీడియోలు, మెసేజీలు అన్నీ ఎదురుచూస్తుంటాయి. పదకొండేళ్ళ పిల్లకు ఈ తేడా చాలా పెద్దది. పెద్దవాళ్ళకూ తక్కువేం కాదు.

పరిమితులే అందం

జ్ఞాపకాలు లేనివాళ్ళకు వీటిలో నచ్చేదేముంటుందని మీకు అనుమానం ఉండొచ్చు. 1982లో వచ్చిన స్పెక్ట్రమ్ 16కె రూపం ధర 125 పౌండ్లు, 48కె రూపం 175. ఆ ధరకు అందించడానికి తెర మెమరీని 6912 బైట్లకు కుదించారు. చుక్కలకు 6144, రంగులకు 768. అందువల్ల 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు ఉన్న ఒక్కో గడిలో రెండే రంగులు కుదురుతాయి. ఎర్ర బొమ్మ పచ్చ చెట్టు ముందు నుంచి నడిస్తే గడిలో ఒకదాని రంగు రెండోదానికి అంటుకుంటుంది. ఆనాటి కళాకారులు దీన్ని దాటడానికి చేసిన పనులు చూస్తే ముచ్చటేస్తుంది. కొందరు ఆటంతా ఒకే రంగులో గీశారు, కొందరు బొమ్మల అంచులను సరిగ్గా గళ్ళకు అతికేలా మలిచారు.

కమోడోర్‌దీ ఇలాంటి కథే. వీడియో చిప్‌లో కదిలే బొమ్మలు ఎనిమిదే. పాత టీవీలో బొమ్మను గీసే ఎలక్ట్రాన్ పుంజం తెర పైభాగం గీసి కిందికి దిగేలోపు, అవే ఎనిమిదింటినీ కొత్త చోట్లకు మార్చి మళ్ళీ వాడుకుంటే ఎన్నో ఉన్నట్టు కనిపిస్తాయి. యూరప్ రకం యంత్రంలో ఒక్కో గీతకు 63 సైకిళ్ళు, తెరకు 312 గీతలు, మొత్తం 19656 సైకిళ్ళు. ఆ లెక్క తప్పకుండా పనిచేయాలి. తెర అంచులో బొమ్మలు కనిపించడానికి చిప్ మామూలుగా ఒప్పుకోదు. సరైన గీత దగ్గర 25 వరసల పద్ధతి నుంచి 24 వరసలకు మారిస్తే, అంచు గీయడం మొదలుపెట్టాల్సిన క్షణాన్ని చిప్ దాటేస్తుంది, అంచు తెరుచుకుంటుంది! ఇలాంటివి ఇప్పటికీ కనిపెడుతూనే ఉన్నారు. యంత్రం చేత అసాధ్యమనిపించే దృశ్యాలు, సంగీతం చేయించి చూపే డెమో పోటీలు ఏటా జరుగుతాయి, కొత్త ఆటలు వస్తూనే ఉంటాయి. వాటిలో పాల్గొనే యువకుల్లో కొందరు ఈ యంత్రాల తయారీ ఆగిపోయాక పుట్టినవాళ్ళు. కాబట్టి దీన్ని ఒట్టి పాత జ్ఞాపకాల వ్యాపారమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. వీణకు ఏడే తీగలని ఎవరూ తక్కువ చేసి చూడరు కదా.

రకాలు

కీబోర్డు బొమ్మగా మాత్రమే ఉండి, పనిచేయనివి మొదటి రకం. 2018 కమోడోర్ మినీ, అమీగా 500 మినీ, 2024 అటారీ 400 మినీ ఈ కోవలోవి. యూఎస్‌బీ కీబోర్డు తగిలించి టైప్ చేయొచ్చు. కానీ అప్పుడు మీరు డబ్బు పెట్టిన అసలు విషయమే చేజారుతుంది. బల్ల మీద అందంగా ఉంటుంది, ఆటలు ఆడుకోవచ్చు. మీ అవసరానికి వద్దు.

పూర్తి సైజులో, మీటలన్నీ పనిచేస్తూ, లోపల ఎమ్యులేటర్ ఉన్నవి రెండో రకం. 2019లో వచ్చిన పూర్తి సైజు కమోడోర్ రూపం, 2024 స్పెక్ట్రమ్ రూపం ఇవే. హెచ్‌డీఎమ్‌ఐ వైరుతో టీవీకి కలపడమే. సెట్టింగుల్లో మార్చితే కమోడోర్ రూపం ఆటల మెనూ బదులు నేరుగా బేసిక్ తెరతో లేస్తుంది. రాసిన ప్రోగ్రాములు యూఎస్‌బీ స్టిక్ మీద డిస్క్ ఫైలుగా దాచుకోవచ్చు. పాత కార్ట్రిడ్జులు (ప్రోగ్రాం నింపిన ప్లాస్టిక్ పెట్టెలు), డిస్క్ డ్రైవులు తగిలించే పోర్టులు మాత్రం వీటికి లేవు.

మూడోది ఎఫ్‌పీజీఏ రకం, అంటే లోపలి సర్క్యూట్‌ను కావలసినట్టు కూర్చుకోగల చిప్ మీద కట్టినవి. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని చుట్టూ అపోహలు చాలా ఉన్నాయి. ఎమ్యులేటర్ ఏకపాత్రాభినయం లాంటిది. ఒకే ప్రాసెసర్ కాసేపు 6502 వేషం, కాసేపు వీడియో చిప్ వేషం, కాసేపు సౌండ్ చిప్ వేషం కడుతుంది, మనకు తేడా తెలియనంత వేగంగా. ఎఫ్‌పీజీఏలో పాత్రలన్నీ ఒకేసారి వేదిక మీద ఉంటాయి. ఆ చిప్‌లోని లాజిక్ గేట్లనే పాత చిప్‌ల ఆకారంలో కూర్చుతారు, అవన్నీ ఒకే క్లాక్ మీద కలిసి నడుస్తాయి. మీట నొక్కిన క్షణానికీ తెర స్పందించే క్షణానికీ మధ్య ఆలస్యం తక్కువ. పాత పోర్టులకు నేరుగా కలపడం తేలిక. కానీ ఎఫ్‌పీజీఏ అన్నంత మాత్రాన అది అసలుకు అచ్చు గుద్దినట్టుంటుందని కాదు. ఆ కూర్పు కూడా ఒక మనిషి రాసిందే. అతను పాత చిప్‌ను ఎంత బాగా అర్థం చేసుకున్నాడో అంతే ఖచ్చితం. పదేళ్ళుగా సరిదిద్దుతూ వచ్చిన ఎమ్యులేటర్, తొందరగా రాసిన ఎఫ్‌పీజీఏ కూర్పు కన్నా అసలుకు దగ్గరగా ఉండటం నేను కళ్ళారా చూశాను.

ఈ రకంలో స్పెక్ట్రమ్ నెక్స్ట్ నాకు చాలా ఇష్టం. 1982 స్పెక్ట్రమ్ బయటి పెట్టెను రూపొందించిన రిక్ డికిన్సనే దీని రూపాన్నీ గీశారు. ఆయన 2018లో కన్నుమూశారు, యంత్రం 2020లో జనం చేతికొచ్చింది. పాత స్పెక్ట్రమ్ 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర నడిస్తే ఇది 28 దాకా వెళ్తుంది, కదిలే బొమ్మలకు హార్డ్‌వేర్ సాయం ఉంది, స్పైరల్ బైండింగు మాన్యువల్ వస్తుంది. స్పెక్ట్రమ్ వంశం ఆగిపోకుండా కొనసాగి ఉంటే ఎలా ఉండేదో ఇది చూపిస్తుంది. మెగా65 కథ ఇంకా విచిత్రం. 1990 ప్రాంతంలో కమోడోర్ 65 అనే యంత్రం నమూనాల దశలోనే రద్దయింది. మార్కెట్లోకి రాని ఆ కంప్యూటర్‌ను ఔత్సాహికులు మళ్ళీ కట్టి, నిజమైన ఫ్లాపీ డ్రైవుతో సహా 2022 నుంచి అందిస్తున్నారు. 2025లో కమోడోర్ పేరును కొన్న కొత్త బృందం తెచ్చిన కమోడోర్ 64 అల్టిమేట్ కూడా ఎఫ్‌పీజీఏదే. పాత కార్ట్రిడ్జులు, పాత డ్రైవు దానికి తగులుతాయి.

కీబోర్డులోనే కంప్యూటర్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 400 గురించి కూడా కొందరు చెబుతారు. ఆకారం ఆ కాలాన్ని గుర్తు చేస్తుంది, యంత్రం చక్కనిది. కానీ దాని మీద నడిచేది పూర్తి లినక్స్. పైన నేను చెప్పిన 'మొత్తం తెలుసుకోగలగడం' అక్కడ లేదు.

అసలు పాతదే కొంటే?

నా జీవితంలో సగం వాటి మీదే గడిచింది కాబట్టి వద్దని చెప్పడం నాకు తేలిక కాదు. అయినా మొదటి యంత్రంగా వద్దు. కమోడోర్ 64తో వచ్చిన పాత పవర్ సప్లైలు చాలావాటిలో రెగ్యులేటర్ పాడైతే 5 వోల్టుల తీగ మీద అంతకన్నా ఎక్కువ వోల్టేజీ వస్తుంది, క్షణాల్లో ర్యామ్ చిప్‌లు పోతాయి. పైగా లోపలంతా రెజిన్ పోసి మూసేసి ఉంటుంది, విప్పి బాగుచేయడం కుదరదు. నా దగ్గరికి వచ్చే చచ్చిన కమోడోర్‌ల వెనక ఎక్కువగా ఉండే కారణం ఇదే. స్పెక్ట్రమ్‌లో కీబోర్డు కింది ప్లాస్టిక్ పొర ఎండి పగులుతుంది. అమీగా 500 ప్లస్‌లో గడియారం కోసం పెట్టిన బ్యాటరీ కారి మదర్‌బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. ఆ కాలపు బ్రిటిష్ కంప్యూటర్ బీబీసీ మైక్రో పవర్ సప్లైలో ఒక కెపాసిటర్ ఉన్నట్టుండి గదంతా పొగ నింపుతుంది. ఎవరైనా 'నలభై ఏళ్ళుగా ముట్టుకోలేదు, కొత్తదానిలా ఉంది' అని అమ్మితే, దాంతో వచ్చిన పవర్ సప్లైతో ఎట్టి పరిస్థితిలోనూ ఆన్ చేయొద్దు.

విడిభాగాల సంగతీ అంతే. కమోడోర్ సౌండ్ చిప్, వీడియో చిప్, స్పెక్ట్రమ్‌లో తెరను గీసే యూఎల్ఏ చిప్ ఆ కంపెనీల కోసమే చేసినవి, వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. స్పెక్ట్రమ్‌లో ఉండే మామూలు జెడ్80 ప్రాసెసర్‌కు కూడా తయారీదారు 2024లో ఆర్డర్లు తీసుకోవడం ఆపేసింది. 6502 వంశంలో సీమాస్ రకం (తక్కువ కరెంటు వాడే తర్వాతి రూపం) మాత్రం ఇప్పటికీ కొత్తగా దొరుకుతోంది. పోయిన చిప్ స్థానంలో పెట్టడానికి చిన్న చిన్న ప్రత్యామ్నాయ బోర్డులు వస్తున్నాయి, వాటిని చేస్తున్నదీ ఈ కొత్త రూపాలను కడుతున్న మనుషులే.

అందుకే అసలు యంత్రాలకూ వీటికీ మధ్య పోటీ ఉందని నేను అనుకోను. పాత డ్రైవు పనిచేస్తోందో లేదో చూడాలంటే నేను మొదట ఎఫ్‌పీజీఏ బోర్డుకే తగిలిస్తాను. అనుమానం ఉన్న సరుకును బతికున్న అసలు యంత్రానికి తగిలించి దాన్నీ పోగొట్టుకోను. ఒకసారి ఒక రిటైరైన లెక్కల మాస్టారు తన పాత కమోడోర్, కొన్ని క్యాసెట్లు తెచ్చారు. బోర్డు కోలుకునే స్థితిలో లేదు. క్యాసెట్లలోని శబ్దాన్ని కంప్యూటర్‌లోకి రికార్డు చేసి, టేప్ ఫైలుగా మార్చి, పూర్తి సైజు కొత్త రూపంలో లోడ్ చేశాం. ఆయన పిల్లల కోసం రాసుకున్న ఎక్కాల ప్రోగ్రాం లైను లైనుగా తెర మీద కనిపించింది. ఆయన దాన్ని చదువుతూ ఒక లైను దగ్గర ఆగి, అక్కడే మార్చి, మళ్ళీ నడిపించారు. ఇప్పుడు ఆ యంత్రం మీద మనవడితో కలిసి కొత్తవి రాస్తున్నారు. ల్యాప్‌టాప్‌లో కూడా ఆ ప్రోగ్రాం నడుస్తుందని చూపించాను, ఆయనకు దాని మీద ఆసక్తి కలగలేదు. వేళ్ళు వెతుక్కునే మీటలు అక్కడ లేవు.

కొనేముందు చూసుకోవాల్సినవి

యూరప్ రకం కమోడోర్ సెకనుకు సుమారు 50 తెరలు గీస్తుంది. మీ టీవీ లేదా మానిటర్ 60 మాత్రమే తీసుకుంటే, పక్కకు జరిగే దృశ్యాలు మధ్యమధ్యలో తడబడతాయి, అది యంత్రం లోపం కాదు. 50 హెర్ట్జ్‌కు ఒప్పుకునే తెర చూసుకోండి. టీవీలో 'గేమ్ మోడ్' పెట్టండి. బొమ్మకు మెరుగులు దిద్దే పనులన్నీ ఆపేస్తే ఆలస్యం బాగా తగ్గుతుంది. ఒక తెర గీయడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది, నాలుగైదు తెరల ఆలస్యం వస్తే వేలికి తెలిసిపోతుంది.

జనం నుంచి ముందే సొమ్ము సేకరించి చేసే యంత్రాల విషయంలో జాగ్రత్త. స్పెక్ట్రమ్ నెక్స్ట్‌కు 2017లో డబ్బు కట్టినవాళ్ళకు 2020లో చేతికొచ్చింది, అది సఫలమైన కథ. 2016లో చేతిలో పట్టుకునే స్పెక్ట్రమ్ అంటూ అయిదు లక్షల పౌండ్లకు పైగా పోగైన మరో ప్రయత్నం చివరికి కంపెనీ మూతపడటంతో ముగిసింది, డబ్బు కట్టిన చాలామందికి యంత్రం అందలేదు. ఈరోజు గోదాములో సిద్ధంగా ఉన్న సరుకే కొనండి, ముఖ్యంగా పిల్లల కోసమైతే. మూడేళ్ళలో పిల్ల ఆసక్తి ఎటు వెళ్తుందో ఎవరికి తెలుసు!

అలాగే, లోపలి కూర్పును, సర్క్యూట్ పటాలను బయటపెట్టిన యంత్రాలకు నేను ఎక్కువ మొగ్గు చూపుతాను. కంపెనీ రేపు లేకపోయినా బాగుచేసేవాళ్ళు ఉంటారు. తిరిగి అమ్మితే లాభం వస్తుందా అనే ఆలోచన పెట్టుకోవద్దు. కొన్నిటికి కొరత వల్ల ధర పెరిగింది, తర్వాతి విడత రాగానే తగ్గింది.

మీ విషయానికొస్తే

పూర్తి సైజు, పనిచేసే మీటలున్న రెండో రకం సరిపోతుంది. ఎఫ్‌పీజీఏ రకానికి ఇప్పుడే అంత ఖర్చు పెట్టనక్కర్లేదు. పాత కార్ట్రిడ్జులు తగిలించాలనో, హార్డ్‌వేర్ పని నేర్చుకోవాలనో మీ ఇద్దరిలో ఎవరికైనా కోరిక పుట్టినప్పుడు అటు వెళ్ళండి. కమోడోరా స్పెక్ట్రమా అంటే, సంగీతం ఇష్టమైతే కమోడోర్. దాని మూడు గొంతుల సౌండ్ చిప్‌ను రూపొందించిన బాబ్ యానెస్ తర్వాత సింథసైజర్లు చేసే కంపెనీ స్థాపకుల్లో ఒకరయ్యారు, ఆ చిప్‌లో ఆ నైపుణ్యం వినిపిస్తుంది. కాకపోతే కమోడోర్ బేసిక్‌లో గీతకూ శబ్దానికీ సొంత ఆదేశాలు లేవు, అన్నీ పోక్‌లతోనే. బొమ్మలు గీయడం ఇష్టమైతే స్పెక్ట్రమ్. గీతకు, వృత్తానికి, రంగుకు, శబ్దానికి నేరుగా ఆదేశాలున్నాయి, మొదటి పూటే వృత్తాలతో తెర నింపేయొచ్చు.

డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. ఒకట్రెండు వారాలు ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్‌ను తెర నిండుగా తెరిచి, ఇంటర్నెట్ ఆపేసి, ఆ యంత్రంతో అప్పట్లో వచ్చిన మాన్యువల్‌ను అచ్చు తీసి పక్కన పెట్టండి. అవి పిల్లలు కూడా చదవగలిగేలా రాసినవి. ఆటలు చూపించకండి. మీరు పక్కన కూర్చోండి, టైప్ మాత్రం ఆమెనే చేయనివ్వండి. మాన్యువల్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టు కొట్టి వదిలేస్తే ఆగండి. మీరు చెప్పకుండానే అంకెలు మార్చి చూడటం మొదలుపెడితే ఆ వారమే ఆర్డర్ పెట్టండి.